పిట్టగోడ కట్టవలసింది ఎవరు? – హింసాత్మక వీడియో గేములు, వయోపరిమితి, తల్లిదండ్రుల బాధ్యత

చార్మినార్ నుంచి శాలిబండకు వెళ్లే దారిలో ఎడమకు తిరిగితే మొఘల్‌పురా గల్లీలు మొదలవుతాయి. ఇరుకు సందులు, ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు, ఇళ్ల ముందు చబుత్రాలు. రాత్రి పొద్దుపోయేదాకా ఆ అరుగుల మీద కుర్రవాళ్లు కూర్చుని కాలక్షేపం చేయడం పాతబస్తీలో ఎప్పటి నుంచో ఉన్నదే. 2015లో దక్షిణ మండల పోలీసులు ‘మిషన్ చబుత్రా’ పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అర్ధరాత్రి వేళ అరుగుల మీద, వీధుల్లో కనిపించిన యువకులను తీసుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి, అందరికీ కౌన్సెలింగ్ ఇచ్చి పంపేవారు. ఆ కార్యక్రమం వెనుక ఉన్న ప్రశ్న ఒక్కటే: ఈ వేళప్పుడు మీ పిల్లవాడు ఎక్కడున్నాడో మీకు తెలుసా?

ఈ రోజుల్లో చాలామంది తల్లిదండ్రులు ఆ ప్రశ్నకు ధైర్యంగానే జవాబు చెబుతారు. ‘మావాడు ఇంట్లోనే ఉన్నాడు’ అంటారు. నిజమే, పక్కగదిలోనే ఉన్నాడు. కానీ దుప్పటి కింద ఫోన్ వెలుగుతోంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. ఎవరో ముక్కూమొహం తెలియని నలుగురితో కలిసి తుపాకీ పట్టుకుని ఒక దీవిలో తిరుగుతున్నాడు. పిల్లవాడు చబుత్రా మీద ఉంటే దారిన పోయే పెద్దవాళ్లకైనా కనిపిస్తాడు. ఫోన్‌లో ఉంటే ఎవరికీ కనిపించడు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో చదివీ చదవనట్టు దాటిపోయే చిన్న ఆజ్ఞ ఒకటి ఉంది. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి, అక్కడి నుంచి ఎవరైనా పడితే ఆ దోషం ఆ ఇంటి మీదికి వస్తుంది అని దాని సారాంశం. మిద్దె ఎక్కవద్దని ఆ ఆజ్ఞ చెప్పలేదు. ఎక్కినవాళ్లు పడకుండా చూసే పని ఇంటి యజమానిదని చెప్పింది. సంక్రాంతికి పతంగులు ఎగరేసే మన నగరంలో పిట్టగోడ విలువ ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. పిల్లల చేతిలో ఫోన్ పెట్టిన ప్రతి ఇల్లూ ఇప్పుడు కొత్త మిద్దె కట్టుకున్న ఇల్లే. మరి పిట్టగోడ ఎవరు కట్టాలి? ప్రభుత్వమా, కంపెనీయా, బడా, మనమా? ఈ వ్యాసంలో ఆ ప్రశ్నను వివరంగా చూద్దాం.

ముస్తఫా నుంచి పబ్జీ దాకా

వీడియో గేముల్లో కొట్టుకోవడం, కాల్చుకోవడం కొత్త విషయం కాదు. ఇప్పుడు నలభై దాటిన తండ్రులు 1990లలో గల్లీ వీడియో గేమ్ షాపుల్లో ‘ముస్తఫా’ ఆడినవారే. క్యాప్‌కామ్ కంపెనీ 1993లో తెచ్చిన ‘క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ ఆటకు మన పిల్లలు అందులోని ఒక పాత్ర పేరు పెట్టుకున్నారు. ‘మేమూ ఆడాం, ఏమైంది?’ అని కొందరు తండ్రులు అడగడం సహజం. కానీ ఆ ఆటకు రెండు హద్దులు ఉండేవి. ఒకటి జేబులో చిల్లర, రెండోది షాపు మూసే వేళ. పైగా షాపువాడికి మీ నాన్న ఎవరో తెలుసు.

ఇప్పటి ఆట తీరు వేరు. పబ్జీ మొబైల్ 2018లో వచ్చింది. అందులో వందమంది దాకా ఆటగాళ్లు పారాచూట్లతో ఒక దీవిలో దిగుతారు. ఆయుధాలు వెతుక్కుంటారు. సురక్షితమైన వలయం కుంచించుకుపోతూ ఉంటుంది. చివరికి మిగిలినవాళ్లే గెలిచినట్టు. ఒక మ్యాచ్ సుమారు అరగంట సాగుతుంది. నలుగురు ఒక జట్టుగా ఆడతారు కాబట్టి ఒకరు మధ్యలో వదిలేస్తే మిగతా ముగ్గురికి నష్టం. ‘అన్నం తిను, ఫోన్ పక్కన పెట్టు’ అని అమ్మ పిలిచినప్పుడు పిల్లవాడు కదలకపోవడానికి మొండితనం ఒక్కటే కారణం కాదు. ఆట నిర్మాణమే అలా ఉంది.

దానికి తోడు రోజూ లాగిన్ అయితే బహుమతి, సీజన్ ముగిసేలోగా చేరుకోవలసిన స్థాయి, డబ్బు పెట్టి కొనే దుస్తులు, తుపాకీ రంగులు, లోపల ఏముందో తెలియకుండా తెరిచే పెట్టెలు ఉంటాయి. షాపు మూసే వేళ అంటూ ఉండదు. జేబులో చిల్లర అయిపోవడం అంటూ ఉండదు, ఎందుకంటే అమ్మ ఫోన్‌లో బ్యాంకు ఖాతా ఉంది. 2022లో అంబర్‌పేటలో ఒక పదహారేళ్ల బాలుడు ఫ్రీ ఫైర్ ఆట కోసం తల్లి ఖాతాల నుంచి సుమారు 36 లక్షల రూపాయలు ఖర్చు చేసినట్టు పోలీసులకు ఫిర్యాదు అందింది. ఆ బాలుడిని తప్పుపట్టే ముందు అంత సొమ్ము కదిలే దారి ఒక పిల్లవాడి చేతికి ఎలా చిక్కిందో ఆలోచించాలి.

హింస గురించి తెలిసినదెంత?

ఇక్కడ మనం నిజాయితీగా మాట్లాడాలి. పల్పిట్ మీద నుంచైనా సరే, ‘గేములు ఆడితే హంతకులవుతారు’ అని చెప్పడం సరికాదు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తన పాత తీర్మానాన్ని సవరిస్తూ రెండు మాటలు చెప్పింది. హింసాత్మక గేములకూ కేకలు వేయడం, నెట్టడం వంటి దూకుడు ప్రవర్తనకూ చిన్నపాటి సంబంధం స్థిరంగా కనిపిస్తోంది. కానీ ప్రాణాలు తీసే స్థాయి హింసను ఈ గేములకు ముడిపెట్టడానికి చాలినంత ఆధారం లేదు. హింసకు కారణాలు అనేకం ఉంటాయి, గేముల మీదికే చూపు తిప్పితే అసలు కారణాలు మరుగున పడతాయి అని కూడా ఆ సంస్థ హెచ్చరించింది.

వ్యసనం మాట వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ను తన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. 2019లో సభ్యదేశాలు ఆ వర్గీకరణను ఆమోదించగా 2022 జనవరి నుంచి అది అమలులోకి వచ్చింది. ఎక్కువసేపు ఆడే ప్రతి పిల్లవాడికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. మూడు లక్షణాలు చూస్తారు: ఆట మీద అదుపు తప్పడం, తిండీ నిద్రా చదువూ స్నేహాల కన్నా ఆటే ముందుండడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవడం. సాధారణంగా ఏడాది పాటు ఇలా ఉంటేనే నిర్ధారిస్తారు. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2014లోనే టెక్నాలజీ వాడకం అదుపు తప్పినవారి కోసం ‘షట్’ క్లినిక్ తెరిచింది.

కాబట్టి భయపెట్టడం తగదు, కొట్టిపారేయడమూ తగదు. పదహారేళ్లవాడు తట్టుకోగల దృశ్యాన్ని తొమ్మిదేళ్లవాడు తట్టుకోలేడు. వయోపరిమితి అనే మాట పుట్టింది అందుకే.

ఆ అంకెకు అర్థం ఏమిటి?

1993లో అమెరికా సెనేట్‌లో ‘మోర్టల్ కాంబాట్’, ‘నైట్ ట్రాప్’ గేముల మీద విచారణ జరిగింది. ఆ ఒత్తిడితో 1994లో గేమ్ కంపెనీలు కలిసి ఈఎస్‌ఆర్‌బీ అనే రేటింగ్ సంస్థను పెట్టుకున్నాయి. యూరప్‌లో 2003లో పెగీ వచ్చింది. అది 3, 7, 12, 16, 18 అంకెలతో వయసు సూచిస్తుంది. ఉదాహరణకు జీటీఏ 5 ఆటకు పెగీ ఇచ్చిన అంకె 18.

మన ఫోన్‌లో ప్లే స్టోర్ తెరిచి ఏ గేమ్ పేజీ చూసినా 3+, 7+, 12+, 16+, 18+ లలో ఒక అంకె కనిపిస్తుంది. ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ కూటమి పద్ధతిలో ఆ అంకె వస్తుంది. గేమ్ తయారుచేసిన కంపెనీ ఒక ప్రశ్నపత్రం నింపుతుంది: రక్తం ఉందా, ఆయుధాలు ఉన్నాయా, బూతులు ఉన్నాయా, జూదం ఉందా అని. ఆ జవాబులను బట్టి రేటింగ్ వస్తుంది. అంకె మీద నొక్కితే కారణం కూడా రాసి ఉంటుంది. పట్టుమని పది సెకన్లు పట్టని పని. అయినా ఎంతమందిమి చేశాం?

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆ అంకె గేములో ఏముందో చెబుతుంది. మాటల చాట్‌లో అవతలి మనిషి ఏం మాట్లాడతాడో చెప్పదు. ఎంతసేపు ఆడితే మేలో చెప్పదు. ప్లే స్టోర్ బయట నుంచి ఏపీకే ఫైలుగా దించుకుంటే ఆ అంకె కంటికే కనబడదు.

మన చట్టం ఎంతవరకు వస్తుంది?

సినిమా విషయంలో మన దేశంలో గేటు దగ్గర మనిషి ఉంటాడు. ‘ఎ’ సర్టిఫికెట్ సినిమాకు పద్దెనిమిదేళ్లలోపు వారిని లోపలికి పంపకూడదు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి యూఏ 7+, 13+, 16+ అనే అంచెలు కూడా చేర్చారు. ఓటీటీల విషయంలో 2021 ఐటీ నిబంధనలు వయసు వర్గాలనూ పేరెంటల్ లాక్‌నూ తప్పనిసరి చేశాయి. వీడియో గేముల్లోని హింసకు మాత్రం సెన్సార్ బోర్డు లాంటి చట్టబద్ధమైన రేటింగ్ సంస్థ మన దేశంలో లేదు.

‘పబ్జీని నిషేధించారు కదా’ అని చాలామంది అనుకుంటారు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ మొబైల్ సహా 118 యాప్‌లను ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద నిరోధించింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ కూడా అలాగే ఆగింది. కానీ కారణం పిల్లలు కాదు, హింస కాదు. దేశభద్రత, సమాచార గోప్యత. అదే ఆట బీజీఎంఐ పేరుతో 2021 జూలైలో తిరిగి వచ్చింది, 2022 జూలైలో మళ్లీ ఆగింది, 2023 మేలో మళ్లీ తెరుచుకుంది. బీజీఎంఐలో రక్తం రంగు ఆకుపచ్చగా మారింది, ‘చంపడం’ అనే మాట ‘ఫినిష్’ అయింది, పద్దెనిమిదేళ్లలోపు వారికి రోజుకు మూడు గంటల పరిమితి పెట్టారు. రంగు మారినంత మాత్రాన ఆట మారలేదు. పిల్లవాడు పెద్దవాళ్ల పేరుతో, పెద్దవాళ్ల నంబరుతో ఖాతా తెరిస్తే మూడు గంటల పరిమితి వర్తించదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. తెలంగాణ ఆ పని 2017లోనే చేసింది. ఆ చట్టాలు ఎన్నో కుటుంబాలకు మేలు చేసేవే, కానీ తుపాకీ ఆటలకు వయసు హద్దు అవి పెట్టవు. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి కావాలంటుంది. అంటే చివరికి చట్టం కూడా తిరిగి మన గుమ్మం దగ్గరికే వచ్చి మన సంతకం అడుగుతోంది.

ఇతర దేశాల అనుభవమూ ఇంతే. కాలిఫోర్నియా రాష్ట్రం పిల్లలకు హింసాత్మక గేములు అమ్మకూడదని చేసిన చట్టాన్ని 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7–2 తేడాతో కొట్టివేసింది. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్లలోపు వారికి అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ గేములు ఆపింది. పదేళ్ల తర్వాత ఆ చట్టాన్ని ఎత్తివేసి, ఆట వేళలు నిర్ణయించే పనిని కుటుంబాలకే వదిలింది. చైనా 2021లో పిల్లలకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవుదినాల్లో రాత్రి 8 నుంచి 9 వరకే అనుమతి ఇచ్చింది. పిల్లలు పెద్దల ఖాతాలతో ఆడుతున్నారని అక్కడి కంపెనీ ముఖం గుర్తించే కెమెరా పెట్టవలసి వచ్చింది. చట్టం ఎంత గట్టిదైనా, ఇంట్లో పెద్దలు తమ ఖాతా ఇస్తే అది అక్కడితో ఆగిపోతుంది.

లాక్కోవడం కాపలా కాదు

ఇది చదివి ‘సరే, ఈ రాత్రే ఫోన్ లాగేసుకుంటాను’ అనుకునే తండ్రికి, తల్లికి ఒక విషయం చెప్పాలి. 2019 ఏప్రిల్‌లో, పదో తరగతి పరీక్షల రోజుల్లో, మన నగరంలోని మల్కాజ్‌గిరిలో పబ్జీ ఆడుతున్నాడని తల్లి మందలించాక ఒక పదహారేళ్ల బాలుడు ప్రాణం తీసుకున్నాడు. ఆ తల్లి చేసినది ప్రతి తల్లీ చేసేదే. పరీక్ష ముందు బిడ్డను చదువుకోమనడం తప్పు కాదు. ఆమెను నిందించే హక్కు ఎవరికీ లేదు. ఇలాంటి మరణానికి ఒక ఆటను, ఒక మాటను మాత్రమే కారణంగా చూపడమూ సరికాదు.

కానీ ఆ సంఘటన నుంచి మనం నేర్చుకోవలసినది ఉంది. ఏళ్ల తరబడి హద్దు లేకుండా వదిలేసి, ఒక్క రాత్రిలో, కోపంలో, పరీక్ష ఒత్తిడి మధ్య హద్దు గీయబోతే అది గోడలా కాక దెబ్బలా తగులుతుంది. పిట్టగోడ ఇల్లు కట్టేటప్పుడే కట్టాలి. పిల్లవాడు అంచున నిలబడ్డాక ఇటుకలు మోసుకెళ్తే ఆలస్యం.

మరోవైపు ఏలీని కూడా గుర్తుచేసుకుందాం. యాజకుడే, మందిరంలో సేవ చేసేవాడే. తన కుమారుల నడత అతనికి తెలుసు, మాటలతో మందలించాడు కూడా. అయినా వారిని అడ్డగించలేదన్నదే అతని మీద నిలిచిన నేరం. పరిచర్యలో, ఉద్యోగంలో, వ్యాపారంలో తలమునకలైన మనకు ఆ అధ్యాయం ఎప్పటికీ పాతది కాదు.

ఇంట్లో కట్టగలిగిన పిట్టగోడ

మొదట ఆట ఏమిటో తెలుసుకోండి. బిడ్డ పక్కన కూర్చుని ‘ఇది ఎలా ఆడతారు బిడ్డా, నాకూ చూపించు’ అని ఒక్క మ్యాచ్ పూర్తిగా చూడండి. ఆ అరగంటలో మీకు ఆట తెలుస్తుంది, అందులో వినిపించే భాష తెలుస్తుంది. తనను పట్టించుకుంటున్నారని బిడ్డకూ తెలుస్తుంది.

రెండోది, అంకె చూడండి. మీ బిడ్డ వయసు కన్నా ఆ అంకె పెద్దదైతే ‘వద్దు’ అని చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ఫ్యామిలీ విభాగంలో పేరెంటల్ కంట్రోల్స్ ఉంటుంది. వయసు ఎంచుకుని పిన్ పెడితే ఆ వయసు దాటిన యాప్‌లు స్టోర్ నుంచి దిగకుండా ఆపవచ్చు. గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో రోజుకు ఎంతసేపో, రాత్రి ఎప్పుడు ఫోన్ ఆగాలో మీ ఫోన్ నుంచే నిర్ణయించవచ్చు. ఐఫోన్‌లో ఆ పనిని స్క్రీన్ టైమ్ చేస్తుంది. మీకు చేతకాకపోతే సంఘంలోని ఏ కాలేజీ కుర్రవాణ్ణి అడిగినా పావుగంటలో చేసిపెడతాడు. పిన్ మాత్రం మీరే పెట్టుకోండి.

మూడోది, డబ్బు దారి మూసేయండి. యూపీఐ పిన్ పిల్లలకు తెలియనివ్వవద్దు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. బ్యాంకు మెసేజీలు వచ్చే ఫోన్ బిడ్డ ఆడుకునే ఫోన్ కాకుండా చూసుకోండి.

నాలుగోది, వేళ గంటలతో కాక మ్యాచ్‌లతో చెప్పండి. ‘ఇప్పుడే ఆపు’ అనే మాట గొడవ పెడుతుంది. ‘ఈ మ్యాచ్ అయ్యాక ఫోన్ నా చేతికి ఇవ్వాలి’ అనే మాట నిలుస్తుంది. రాత్రి అన్ని ఫోన్లూ, మీది కూడా, ఒకే చోట చార్జింగ్‌కు పెట్టండి. మీరు మంచం మీద రీల్స్ చూస్తూ బిడ్డను పడుకోమంటే ఆ మాటకు బరువుండదు.

ఐదోది, తీసివేసిన చోట మరొకటి పెట్టండి. రెండు గదుల ఇంట్లో, గల్లీలో ఆడుకునే చోటు లేని పిల్లవాడి చేతిలోంచి ఫోన్ తీసేస్తే వాడికి మిగిలేది గోడ. మొఘల్‌పురాలో ఆటస్థలం ఉంది. జీహెచ్‌ఎంసీ నగరమంతటా ప్రతి వేసవిలో ఆటల శిక్షణ శిబిరాలు నడుపుతుంది. వారానికి రెండు సాయంత్రాలు బిడ్డను వెంటబెట్టుకుని తీసుకెళ్లడం కూడా పిట్టగోడలో ఇటుకే.

చివరిగా, నిద్ర పోయి, తిండి పోయి, బడి మానేసి, ఆపితే విపరీతమైన కోపమో మౌనమో కనిపిస్తే అది క్రమశిక్షణతో తీరే సమస్య కాదు. ప్రార్థించండి, డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లండి. ‘చచ్చిపోతాను’ అనే మాట వస్తే బెదిరింపు అని కొట్టిపారేయవద్దు. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లల సహాయం కోసం 1098 ఉంది.

సంఘం వంతు

సండే స్కూల్లో వచ్చే ఆదివారం పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: మీరు ఏ గేములు ఆడతారు? తిట్టకుండా, జవాబులు రాసుకోండి. తర్వాత తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఒక గంట ఫోన్ సెట్టింగులు చేయించండి. యవ్వనస్తులే నేర్పించాలి. ఈ పని మన గోడల మధ్యే ఆగనక్కరలేదు. మొఘల్‌పురాలో పక్కింటి ముస్లిం తల్లిదీ, ఎదురింటి హిందూ తండ్రిదీ ఇదే దిగులు. చబుత్రా మీద కూర్చుని పెద్దలు ఈ మాట మాట్లాడుకుంటే ఆ అరుగుకు మంచి పని దొరికినట్టే.

ప్రభుత్వం వయసు హద్దులు గట్టిగా పెట్టాలని మనం అడగాలి. కంపెనీలు పెద్దల పేరుతో పిల్లలు దూరే దారులు మూయాలని అడగాలి. అడుగుతూనే, ఆ రోజు వచ్చేదాకా మన మిద్దె మీద ఆడుకుంటున్నది మన బిడ్డే అని మరచిపోకూడదు. ఈ రాత్రి భోజనాలయ్యాక, కుటుంబ ప్రార్థనకు కూర్చునే ముందు, బిడ్డ ఫోన్‌లోని గేముల పేర్లు ఒక్కొక్కటే చెప్పమని అడగండి. తెలియని పేరు వినిపిస్తే కోప్పడకండి. అక్కడి నుంచి గోడ మొదలుపెట్టండి.